మన సీమ చలికి నల్ల కంబళి

హిందూపురంలో మంచు కురవదు గానీ, పుష్యమాసం చలి ఎముకలు కొరుకుతుంది. ఒకప్పుడు చలికాలానికి సిద్ధపడడమంటే ఇంటికో కంబళి కొనుక్కోవడమే.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారిందని చదువుకున్నాం. ధర్మవరం పట్టు గురించీ చెప్పుకుంటాం. కురుబల కంబళి గురించే తక్కువ. నల్ల గొర్రెల ఉన్ని కత్తిరించేది, నేసేది మగవాళ్ళయితే, ఏకి దారం వడికేది ఆడవాళ్ళు. చింతగింజల గంజి పెడితే కంబళి బిర్రుగా ఉండి, వాన నీరు త్వరగా దిగేది కాదు.

తర్వాత మిల్లు దుప్పట్లు చవకగా వచ్చాయి. మాంసం కోసం ఉన్నిలేని గొర్రెలు పెరిగాయి. మగ్గాలు తగ్గాయి.

మీ అటకమీద అవ్వ కాలంనాటి కంబళి ఉంటే పారేయకండి. ఎండలో ఆరేసి, వేపాకు వేసి మడిచిపెట్టండి. ఏ శాసనంలోనూ పేరు లేని ఆడవాళ్ళ చేతిపని అది.