ముంగిటి పట్టిక: స్టార్టు మెనూ చరిత్ర

పోపుల పెట్టెలో ఆవాలు ఏ గిన్నెలో ఉండవలెనో, మెంతులు ఏ గిన్నెలో ఉండవలెనో ఏ పాకశాస్త్రమును నిర్ణయింపలేదు. ఆ అమరిక ఆ ఇంటి ఇల్లాలిది. చీకటిలోనైనను ఆమె చేయి తప్పక జీలకఱ్ఱ మీదికే పోవును. పొరుగింటామె వచ్చి ఆ వంటకు పూనుకొన్నచో మాత్రము ప్రతి గిన్నెయు మూత తీసి చూడవలసినదే. నేడు మన ఇండ్లలోనికి వచ్చిన కంప్యూటరునందును ఇట్టి పెట్టె యొకటి కలదు. దాని పేరు స్టార్టు మెనూ. తెర అడుగుననున్న బటనును నొక్కగానే పైకి లేచు ఆ పట్టికలో ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము, లెక్కలు కట్టు ప్రోగ్రాము, బొమ్మలు చూపునది, పాటలు వినిపించునది అన్నియు కనిపించును. ఆ పట్టికను ఎవరు అమర్చవలెను? తయారుచేసినవారా, అమ్మినవారా, వాడుకొనువారా? ఈ చిన్న ప్రశ్న ముప్పది యేండ్లుగా నలుగుచున్నది. ఒకమాటు అది న్యాయస్థానపు మెట్లు కూడ ఎక్కినది. ఆ చరిత్రనే మేమిచ్చట ముచ్చటింప దలచితిమి.

మెనూ యను మాట మొదట ఫ్రెంచివారి భోజనశాలలది. ఆ పూట లభించు పదార్థముల జాబితాకు ఆ పేరు. కంప్యూటరుకు ఈ మాట చక్కగనే అమరినది. జాబితా లేని భోజనశాలలో ఏమేమి దొరకునో ముందే ఎఱిగినవాడు మాత్రమే అడిగి తినగలడు. 1981లో వచ్చిన ఎమ్.ఎస్. డాస్ అట్టి భోజనశాలయే. నల్లని తెరమీద మినుకుమినుకుమను గుర్తు నెదుట కూర్చుండి, కావలసిన ప్రోగ్రాము పేరును అక్షరము పొల్లుపోకుండ టైపు చేయవలెను. ఒక్క అక్షరము తప్పినను ఆజ్ఞ తప్పినదని యంత్రము విసుగుకొనును.

బొమ్మలతోను, మౌసుతోను పని చేయించు పద్ధతి కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయమున 1973లో ‘ఆల్టో’ అను యంత్రముతో రూపు దాల్చెను. ఆపిల్ సంస్థవారు 1983లో లీసా ద్వారమునను, 1984లో మాకింటాష్ ద్వారమునను దానిని అంగడికి తెచ్చిరి. మాకింటాష్ తెరమీద ఎడమవైపు పైమూలను ఆపిల్ పండు గుర్తు. దానిని నొక్కినచో లెక్కలయంత్రము, గడియారము వంటి చిన్న పరికరముల పట్టిక క్రిందికి దిగును. అందులో క్రొత్తదానిని చేర్చుటకు మొదట ప్రత్యేకముగ నొక ప్రోగ్రాము సాయము కావలసి యుండెను. 1991లో వచ్చిన ‘సిస్టమ్ 7’ ఆ చిక్కును విడదీసినది. ఒక ఫోల్డరు నేర్పరచి, అందులో ఏది వేసినను అది పట్టికలో కనబడునట్లు చేసిరి. పేర్లు అక్షరక్రమమున వచ్చుటచే, తమకు నిత్యము కావలసినదానిని అన్నిటికంటె ముందు నిలుపుటకై జనులు దాని పేరునకు ముందొక ఖాళీ చోటు టైపు చేసెడివారు. నియమమును త్రోసివేయక, ఆ నియమములోనే తమ ఇష్టమును నెరవేర్చుకొనుట యన ఇదియే.

ఇక విండోస్ సంగతి. 1990లో వచ్చిన విండోస్ 3.0లో ప్రోగ్రాములన్నియు ‘ప్రోగ్రాం మేనేజరు’ అను ఒక కిటికీలో గుంపులు గుంపులుగా నుండెడివి. గుంపులో మఱియొక గుంపును ఉంచుటకు వీలు లేదు. పని మొదలుపెట్టగానే ఆ కిటికీ ఇతర కిటికీల వెనుకకు పోయి దాగుకొనెడిది. క్రొత్తవారు అది ఎచ్చటికి పోయినదో తెలియక తికమకపడుచుండిరి.

అందువలన మైక్రోసాఫ్ట్ సంస్థవారు తరువాతి విండోస్‌ను ‘చికాగో’ అను మాటున పేరుతో నిర్మించునప్పుడు, కంప్యూటరు ఎఱుగనివారిని దాని ముందు కూర్చుండబెట్టి, వారి తడబాటులను గమనించు పని విరివిగ చేసిరి. పట్టికకు రూపమిచ్చిన డానీ ఓరన్ మనుష్యుల నడవడిని పరిశీలించు శాస్త్రము చదివినవాడు, హార్వర్డు విశ్వవిద్యాలయమున బి. ఎఫ్. స్కిన్నరుతో కలసి పనిచేసినవాడు. మొదట తెర అడుగున మూడు బటనులు పెట్టిరి. ఒకటి ‘సిస్టమ్’, ఒకటి ‘ఫైండ్’, మఱియొకటి ‘హెల్ప్’. సిస్టమ్ అను బటను జోలికి ఎవరును పోలేదు. ఆ మాటలో పిలుపు లేదు కదా! తుదకు మూడింటిని ఒక్కటిగ చేసి, దానిమీద ‘స్టార్ట్’ అని వ్రాసిరి. అప్పుడు చేతులు దానిమీదికి పోయినవి. అదియు చాలదని, కంప్యూటరును తెరచినంతనే ‘ఇచ్చట నొక్కి మొదలుపెట్టుడు’ అను మాట బాణపు గుర్తుతో ప్రక్కనుండి వచ్చి ఆ బటనును తాకునట్లు చేసిరి.

ఆ పరీక్షలను గూర్చి ఆ సంస్థలోని కెంట్ సలివన్ 1996లో వ్రాసిన వ్యాసమున ఒక విషయము మాకు ముఖ్యముగ తోచినది. క్రొత్తవారికొక తెర, ఆరితేరినవారికొక తెర వేఱువేఱుగ నిర్మింపవలెనని వారు మొదట ఆలోచించి, ఆ పిమ్మట దానిని విడిచిరి. మా దృష్టిలో చికాగో నిర్మాతలు చేసిన మంచి పనులలో ఇది పెద్దది. బాలశిక్షకు ఒక లిపి, పెద్ద పుస్తకములకు ఒక లిపి యున్నచో బాలశిక్ష చదివి ప్రయోజనమేమి? మొదటి దినమున దారి చూపిన పట్టికయే, నూఱవ దినమున వాడుకొనువాని చేతిలో అతని ఇచ్చవచ్చినట్లు మాఱగలిగినది.

విండోస్ 95 ఆగస్టు 24, 1995న విడుదలయ్యెను. రోలింగ్ స్టోన్స్ అను ఆంగ్ల గాయక బృందము పాటను ప్రకటనలకు తీసికొని, స్టార్టు బటనును ప్రపంచమంతట చాటిరి. ఆ హడావుడి అటుంచి, పట్టిక లోపల ఏమున్నదో చూతము. అది నిజమునకు డిస్కులోని ఒక మామూలు ఫోల్డరే. అందులోని ప్రతి పేరును ఒక షార్ట్‌కట్, అనగా అసలు ప్రోగ్రాము ఎచ్చటనున్నదో చెప్పు చిరునామా చీటీ. చీటీని చింపినంత మాత్రమున ఇల్లు కూలదు. పేరు మార్చినను నష్టము లేదు. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకొనవచ్చును, ఒకదానిని పట్టి తెచ్చి స్టార్టు బటనుమీద విడిచినచో అది పట్టిక తలమీదికి చేరును. ఈ రహస్యము తెలిసినవారు ఇంటిలో పిల్లలకొక ఫోల్డరు, లెక్కలకొక ఫోల్డరు అమర్చుకొనిరి. పేరు ముందు ఒకటి, రెండు అని అంకెలు వేసి వరుస కుదుర్చుకొన్నవారును కలరు. 1998లో వచ్చిన విండోస్ 98లో పట్టికలోనే పేరును పట్టుకొని పైకి క్రిందికి జరుపు సౌకర్యము కలిగెను.

అయితే గుమ్మమున్నచోట బోర్డులు వ్రేలాడదీయువారు రాక మానరు. ఒక ప్రోగ్రామును తెచ్చి పెట్టుకొన్నంతనే దానిని తయారుచేసిన సంస్థ తన పేరుతో ఒక ఫోల్డరు పెట్టి, అందులో ప్రోగ్రాము, దాని సహాయపత్రము, దానిని తొలగించు సాధనము అన్నియు చొప్పించును. రెండేండ్లు గడచుసరికి పట్టిక ఒక వరుస చాలక రెండు, మూడు వరుసలుగ తెరనంత ఆక్రమించెడిది. వాడుకొనువాడు వెదకునది పనిని, పట్టిక చూపునది సంస్థల పేరులను. బట్టలు కొనబోయినవానికి మిల్లుల యజమానుల జాబితా చేతికిచ్చినట్లుండును.

పట్టికలోని ఒక్క పేరు విలువ ఎంతయో అమెరికా ప్రభుత్వము మే 18, 1998న మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావాలో బయటపడెను. కంప్యూటరులను తయారుచేసి అమ్ము సంస్థలు విండోస్‌ను అందులో నింపునప్పుడు, తెరమీది గుర్తులనుగాని, స్టార్టు మెనూలోని పేర్లనుగాని తొలగింపరాదని మైక్రోసాఫ్ట్ వారు ఒప్పందములలో కట్టడి చేసిరి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు పేరు పట్టికలో నుండి తీరవలెనన్నది దాని ఫలితము. న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ నవంబరు 5, 1999న ప్రకటించిన నిర్ధారణలలో ఈ కట్టడులను వివరముగ పేర్కొనెను. జూన్ 28, 2001న అప్పీలు న్యాయస్థానమును వీనిలో హెచ్చు భాగము చట్టవిరుద్ధమనియే చెప్పినది. మఱి రెండు వారములలో, జూలై 11న, అమ్మకపు సంస్థలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు పేరును స్టార్టు మెనూనుండి తీసివేయవచ్చునని మైక్రోసాఫ్ట్ ప్రకటించెను. వింత యేమనగా, కంప్యూటరు కొన్న గృహస్థు ఆ చీటీని ఎప్పుడు కావలెనన్న అప్పుడు తీసి పారవేయగలడు. ఆ కంప్యూటరును తయారుచేసి అమ్మిన సంస్థకే ఆ స్వాతంత్ర్యము లేకపోయినది!

ఈలోగా పట్టికను తానే సర్దిపెట్టవలెనను ఉత్సాహము యంత్రమునకు కలిగించిరి. 2000 సంవత్సరపు విండోస్‌లో కొంతకాలము వాడని పేర్లు తమంతట తామే మఱుగుపడెడివి. చూచుటకు పట్టిక పొట్టిదైనది, కాని నిన్న నాలుగవదిగ నున్నది నేడు రెండవదియైనది. మన చేయి గుర్తుంచుకొనునది పేరును కాదు, చోటును. ఆ చోటు తప్పినచో సౌకర్యమే సంకటమగును. ఆ ఏర్పాటును ఆపుకొనుటకు వీలుంచుట మాత్రము మెచ్చదగినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో పట్టిక రెండు నిలువు వరుసలైనది. పైన మనము గ్రుచ్చి నిలుపుకొన్న పేర్లు, వాని క్రింద తఱచు వాడు పేర్లు. అది రుచింపనివారు పాత పట్టికనే ఉంచుకొనవచ్చును. ఈ విండోస్‌తో ‘గౌతమి’ అను తెలుగు ఫాంటు వచ్చెను. భారతీయ భాషల ఏర్పాటు చేసికొన్న పిమ్మట పట్టికలోని చీటీలకు ‘ఉత్తరములు’, ‘జమాఖర్చులు’ అని తెలుగులోనే పేర్లు పెట్టుకొను వీలు కలిగినది. 2009లోని విండోస్ 7తో ‘వాణి’ అను మఱియొక తెలుగు ఫాంటు వచ్చినది. ఆ పేరు రేడియో శ్రోతలకు పరాయిది కాదు. 2007లో వచ్చిన విస్టాలో పట్టిక అడుగున వెదకుపెట్టె చేరెను. పేరులో రెండక్షరములు టైపు చేసినచో ప్రోగ్రాము ఎదుటికి వచ్చును. డాస్ కాలపు టైపు పని దొడ్డిదారిన తిరిగి వచ్చినదనవచ్చును.

విండోస్ 7లో పాత ఒంటివరుస పట్టికకు సెలవిచ్చిరి. ఆ యేడే ఐవో బెల్చెవ్ అను ప్రోగ్రాము రచయిత ‘క్లాసిక్ షెల్’ అను పనిముట్టును వ్రాసి, పాత పట్టికను కోరినవారికి వెల లేకుండ ఇచ్చెను. దాని అసలు అవసరము మూడేండ్లకు వచ్చినది. అక్టోబరు 26, 2012న వెలువడిన విండోస్ 8లో స్టార్టు బటనే మాయమయ్యెను. దాని స్థానమున తెరనంతయు కప్పు రంగురంగుల పలకలు వచ్చినవి. వ్రేలితో తాకి వాడు పలక కంప్యూటరులకు అది తగియుండవచ్చును. మేజామీది కంప్యూటరు ముందు మౌసుతో కూర్చున్నవాడు పదునేడేండ్ల అలవాటుతో ఎడమ మూలకు పోయి, అచ్చట ఏమియు కానక వెనుదిరిగెను. జనులలో అధికసంఖ్యాకులు పట్టికను సర్దుకొననే సర్దుకొనరనియు, విండోస్ 7 వచ్చిన తరువాత పట్టికను తెరచుటయే తగ్గినదనియు సంస్థవారు తమ లెక్కలు చూపిరి. ఆ లెక్కలు అబద్ధమని మేమనము. వచ్చినదానిని వచ్చినట్లే వాడుకొనువారే ఎక్కువ. కాని సర్దుకొనని వానికిని చోటు అలవాటై యుండును, సర్దుకొన్నవానికో అది స్వయముగ కట్టుకొన్న ఇల్లు. సగటు లెక్కలో ఈ రెండును కనబడవు. క్లాసిక్ షెల్ వంటి పనిముట్లను జనులు వెదకి తెచ్చుకొనిరి, వెల యిచ్చి కొన్నవారును కలరు. 2013లో లెనోవో సంస్థ తన కంప్యూటరులలో ఇతరులు చేసిన స్టార్టు మెనూను నింపి అమ్ముటకు పూనుకొనెను.

ఆ యేడు అక్టోబరులో వచ్చిన విండోస్ 8.1లో బటను తిరిగి వచ్చెను, పట్టిక రాలేదు. నొక్కినచో మరల ఆ పలకలే. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల ఫిబ్రవరి 4, 2014న మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యనిర్వాహకుడయ్యెను. అటు పిమ్మట రెండు నెలలకే, ఏప్రిల్ 2న, శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభలో పట్టికను మరల తెత్తుమని ఆ సంస్థవారు చూపిరి. జూలై 29, 2015న విడుదలయిన విండోస్ 10లో అది వచ్చినది. ఎడమవైపు పేర్ల వరుస, కుడివైపు పలకలు. అంచు పట్టి లాగి వెడల్పు చేసికొనవచ్చును, పలకలను గుంపులుగ కూర్చి పేరు పెట్టుకొనవచ్చును. సర్దుకొను స్వేచ్ఛ ఇంతగ మునుపు లేదు. దానితోపాటు కొనుగోలుదారు కోరని ఆటల పలకలును, క్రొత్త ప్రోగ్రాముల సూచనలును పట్టికలో వచ్చి కూర్చున్నవి.

బెల్చెవ్ 2017 డిసెంబరులో తన పని చాలించి, ప్రోగ్రాము పాఠమును లోకమున కప్పగించెను. ‘ఓపెన్ షెల్’ అను పేరుతో ఇతరులు దానిని కొనసాగించిరి. అక్టోబరు 5, 2021న వచ్చిన విండోస్ 11లో బటను మూలనుండి లేచి తెర నడుమకు వచ్చెను. కోరినవారు దానిని ఎడమకు జరుపుకొనవచ్చును. పలకలు పోయినవి, గుంపులకు పేరు పెట్టుకొను వీలును వానితోనే పోయెను, మఱుసటి యేడు చిన్న ఫోల్డరుల రూపమున కొంత తిరిగి వచ్చినది. పట్టిక దిగువభాగమున ‘సిఫారసులు’ అను విభాగమొకటి యేర్పడినది. అమ్మకమునకున్న ప్రోగ్రాముల ప్రకటనలు అందులో 2024 ఏప్రిల్ మాసమునుండి చూపసాగిరి. ఆ ప్రకటనలను ఆపుటకు సెట్టింగులలో ఒక మీట కలదు. కంప్యూటరు ఇంటికి వచ్చునప్పటికి ఆ మీట ప్రకటనలు చూపువైపే వేసియుండును.