గడిలో ఇమడని కొండలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గోపాలపురం, కళింగపట్నం మధ్య దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది, అలాగే దాటింది. గండం గడిచిందనుకునే వేళకు కొండల మీద వాన అందుకుంది. లోపలికి వెళ్లిన తుపాను ఈశాన్యానికి మళ్లుతూ ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో కుమ్మరించింది. గజపతి జిల్లా బరఘరాలో వానకు జడిసి కొండగుహలో తలదాచుకున్నవాళ్ల మీద చరియ విరిగిపడింది. వంశధార పొంగి గుణుపురం, గుడారి నీట మునిగాయి.

కొత్తేమీ కాదు. 1980 సెప్టెంబరులోనూ ఈ నది గుణుపురాన్ని ముంచింది. కలహండి కొండల్లో పుట్టిన వంశధార, దారిపొడుగునా గెడ్డలన్నిటినీ కలుపుకుని ఊరి పక్కనుంచే కిందికి దిగుతుంది. పైన కురిసిన వాన గంటల్లో ఇక్కడికి వచ్చేస్తుంది.

పడబోయే వానను ముందే లెక్కకట్టే ప్రయత్నం కూడా పాతదే. 1922లో ఇంగ్లండులో రిచర్డ్‌సన్ అనే ఆయన వాతావరణాన్ని గడులుగా కోసి లెక్కకట్టే పద్ధతిని పుస్తకంగా వేశాడు. ఆరు గంటల అంచనా చేతితో కట్టడానికి ఆయనకు ఆరు వారాలు పట్టింది. తీరా వచ్చిన జవాబు: గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని! ఆయన లెక్కకు ఎంచుకున్న రోజున అది నిజానికి దాదాపు కదలనేలేదు. మొదట పెట్టిన కొలతల్లోని చిన్న చిక్కులే లెక్కను ముంచాయి.

మన దేశంలో జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం 1988లో పుట్టింది. మరుసటేడు క్రే సూపర్ కంప్యూటర్ ఢిల్లీలో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత నడిచిన తొలినాళ్ల ప్రపంచ వాతావరణ మోడల్‌లో ఒక్కో గడి దాదాపు 150 కిలోమీటర్లు. అంటే గుణుపురం లోయా, 1501 మీటర్ల మహేంద్రగిరీ ఒకే గడిలో! ఎత్తుపల్లాల సగటు తీస్తే మిగిలేది ఓ ఏటవాలు మెరక. అలాంటి మెరక మీద సముద్రపు గాలి దేన్ని ఢీకొని పైకి లేవాలి, ఎక్కడ కురవాలి?

గడి చిన్నదైతే సరిపోదా అంటే, అక్కడే ఉంది ఖర్చు. గడి వెడల్పు సగం చేస్తే గడులు నాలుగింతలు. లెక్కలో వేసే కాలపు అడుగు కూడా సగానికి తగ్గించాలి కాబట్టి పని ఎనిమిదింతలు. అయినా చేశారు. వాతావరణ శాఖ ప్రాంతీయ మోడల్‌ను 3 కిలోమీటర్ల గడితో నడుపుతోంది; 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. మూడు కిలోమీటర్ల గడి దగ్గర పెద్ద ఉరుము మేఘం లెక్కలోనే లేస్తుంది. ఇరుకు లోయ మాత్రం ఇంకా దొరకదు. లోయ లోయలా కనబడాలంటే దాని అడ్డంలో నాలుగైదు గడులైనా పట్టాలి.

మోడల్ సరిగ్గా చెప్పిందో లేదో తేల్చేది మళ్లీ పాత సరంజామానే. ఉదయం 8:30కి వర్షమాపకంలోని నీటిని గాజు గొట్టంలోకి వంచి, గీత చూసి రాసుకుంటారు. కొండకు ఇవతల పెట్టిన ఆ వర్షమాపకానికి అవతలి గెడ్డ మీద పడిన వాన అందదు.