బందరు కోటలో దొరల తిరుగుబాటు

ఈస్టిండియా కంపెనీవారు సూరతునందు వర్తకస్థానము నెలకొల్పుటకు కొంచెము ముందుగానే, 1611లో, మచిలీపట్టణమున కాలూనిరి. రమారమి రెండువందల యేండ్లకు ఆ బందరు కోటలోనే కంపెనీ సైనికాధికారులు తమ ప్రభుత్వముపై తిరుగబడిరి. సిపాయీల తిరుగుబాటులు మన చరిత్ర గ్రంథములందు విరివిగా కానవచ్చును. దొరల తిరుగుబాటు అంతగా కానరాదు.

కారణము డబ్బే యని తేల్చివేయుట తేలిక. చెన్నపట్టణ సైన్యమున కంపెనీ అధికారికి పదోన్నతి సీనియారిటీని బట్టియే కలుగుచుండెను. పైవాడు మరణింపవలెను, లేదా విరమింపవలెను. పెద్ద పదవులలో రాజసైన్యపు అధికారులకే పెద్దపీట. ఇక మిగిలిన ఆశ, పటాలపు నాయకత్వమున లభించు పైరాబడి. అందు ముఖ్యమైనది డేరాల కాంట్రాక్టు. డేరాలను, వానిని మోయు పశువులను సిద్ధముగ నుంచుటకై, యుద్ధమున్నను లేకున్నను, నాయకునకు నెలనెలా నిర్ణీతధనము ముట్టెడిది. 1808లో దానిని రద్దుచేసిరి. రద్దు న్యాయమే కావచ్చును. కాని ఈ పద్ధతి అధికారుల స్వలాభమునకును విధికిని వైరము కల్పించుచున్నదని క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాన్ మన్రో తన నివేదికలో వ్రాసెను. పోయిన రాబడికంటె ఆ వాక్యమే వారిని ఎక్కువగా నొప్పించినట్లు తోచును. ఆఫీసు కాగితములతో పరిచయమున్నవారికి ఇది వింతగాదు.

గవర్నరు సర్ జార్జి బార్లో పొదుపునందు గట్టివాడు. మొర వినుటయందు కాదు. 1809 మే 1న పలువురు అధికారులను సస్పెండు చేసెను. బందరులోని యూరోపియన్ పటాలమునుండి కొందరిని ఓడలపై కొలువునకు పంపవలెనని ఉత్తరువు రాగా, ఇది తమను చీల్చుటకే యని అధికారులు అనుమానించి, జూన్ 25న తమ కమాండరు ఇన్నిస్‌ను నిర్బంధించిరి. జూలైలో జాన్ మాల్కం వచ్చి, వారితో కూర్చుండి, చెప్పినదంతయు వినెను; కోట కొంత చల్లబడెను. ఆ మెతకదనము బార్లోకు రుచింపలేదు. అధికారులందరు విధేయతా పత్రముపై సంతకము చేయవలెనని, చేయనివారు తమ దళములను విడిచి పోవలెనని జూలై 26న శాసించెను. దొరల తగవుతో మీకు పనిలేదని సిపాయీలకు తెలియజేయించెను.

ఆ ఎత్తు ఫలించెను. ఆగస్టులో సికందరాబాదు దండు లొంగెను, బందరును లొంగెను. కాని తిరుగబడిన అధికారుల వెంట చిత్రదుర్గమునుండి శ్రీరంగపట్టణమునకు నడచివచ్చుచున్న రెండు సిపాయీ పటాలములపై రాజసైన్యపు అశ్వికదళమును మైసూరు రౌతులును విరుచుకొనిపడిరి. డేరాల కాంట్రాక్టులో కాసైనను పాలులేని సిపాయీలు అనేకులు ఆ దారిలో కూలిరి.

సెప్టెంబరులో గవర్నర్ జనరల్ మింటో చెన్నపట్టణము చేరి, కొద్దిమంది అధికారులను విచారణకు నిలిపి, తక్కినవారిని క్షమించెను. కొలువు కోల్పోయినవారిలో పలువురు పిమ్మట మరల చేర్చుకొనబడిరి. బార్లోను 1812లో డైరెక్టర్లు వెనుకకు పిలిపించిరి.