న్యూ ప్లేసు పునాదులు

ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డు పట్టణమున షేక్స్‌పియరు పుట్టిన యిల్లు నేటికిని నిలిచియున్నది. అతడు స్వార్జితముతో 1597లో కొని, 1616లో కన్నుమూసిన యిల్లు మాత్రము లేదు. న్యూ ప్లేసు అను పేరుగల యా గృహమున్న చోట నిపుడొక తోటయు, నేలలో పునాదుల యవశేషములును గలవు. యుద్ధమున గాలినదో, వరదకు గూలినదో యని చదువరులు తలంపవచ్చును. అట్టిదేమియు గాదు, సొంతదారులే పడగొట్టించిరి.

లండను నగరమునకు మేయరుగా నుండిన హ్యూ క్లాప్టను దానిని 15వ శతాబ్దపు చివర ఇటుకతోను కలపతోను కట్టించెను. అందు పది పొయ్యిలుండెడివి. చలిదేశము గావున పొయ్యిల నెంచియే యింటిపన్ను విధించిన కాలమును అచ్చట గలదు. చేతితొడుగులు కుట్టి బ్రదికినవాని కుమారునకు పది పొయ్యిల యిల్లు స్వల్పవిషయము గాదు.

1670లో కవి మనుమరాలు చనిపోగా నాతని వంశ మంతరించినది. ఇల్లు మరల క్లాప్టనుల చేతికి వచ్చెను. 1702 ప్రాంతమున జాన్ క్లాప్టను పాతదానిని పడగొట్టించి, నాటి యభిరుచికి దగిన క్రొత్తమేడ కట్టించెను. అనంతరము గాస్ట్రెల్ అను క్రైస్తవ పురోహితుడు దానిని గొనెను. షేక్స్‌పియరు నాటెనని ప్రతీతిగల మల్బరీ చెట్టును జూడ వచ్చువారి బాధ పడలేక 1756లో దానిని నరికించెను. పన్నులను గూర్చి పట్టణమువారితో కలహించి, 1759లో మేడనే నేలమట్టము గావించెను. లోకము నేటికిని గాస్ట్రెల్‌నే దూషించుచున్నది. కాని యతడు కూల్చినది కవి నివసించిన యిల్లు గాదుగదా! కోపమున జేసిన పని యందరికిని గనబడినది. అంతకుముందు సౌకర్యమునకై, ఎవరి నిందయు లేకుండ జరిగిన పనివలననే యసలు నష్టము గలిగినదని మా యభిప్రాయము.

1860 తరువాత హాలివెల్ అను పండితుడు చందాలు పోగుచేసి యా స్థలమును గొని త్రవ్వించెను. అప్పటివారు గోడలను వెదకిరి. 2010లో మరల త్రవ్వినవారు మట్టిని పొరపొరగా దీసి, కుండపెంకులను, జంతువుల యెముకలను గూడ భద్రపరచిరి. వంటింటి పొయ్యి జాడయు, ఆహారమును చల్లగా నిలువయుంచు గొయ్యియు బయల్పడినవి. కవి లండనులో నాటకములు వ్రాయుచుండగా నిచ్చట భార్య యాన్ సంసారము సాగినది. పంటలు చెడిన యా దినములలో, 1598లో, పట్టణమువారు ఇంటింటి ధాన్యమును లెక్కవ్రాసిరి; అందు షేక్స్‌పియరు పేర పది క్వార్టర్ల మాల్టు గలదు. మొలకెత్తించి యెండబెట్టిన యా ధాన్యమునుండియే నాటి యిండ్లలో బీరు కాచెడివారు.

రాణులు, రాజులు, విదూషకులు నిండిన నాటకములు మిగిలినవి. వానిని వ్రాసినవాని యింట నెవరు పొయ్యి రాజవేసిరో చెప్పు కాగితమొక్కటియు మిగులలేదు; మసిపట్టిన యా నేల మాత్రము మిగిలినది.