జడ యల్లిన చేతులు

మన ఇండ్లలో ఆడుబిడ్డకు తల దువ్వుట ఎన్నడును ఒక్కరి పని కాదు. తల్లియో, అమ్మమ్మయో పీటమీద కూర్చుండి, పిల్లను తన ముందర కూర్చుండబెట్టుకొని, నూనె రాచి, చిక్కు తీసి, మూడు పాయలుగా విడదీసి అల్లి, చివర జడకుచ్చులు కట్టును. బారెడు జడ గల పిల్లను చూచి ఇరుగుపొరుగువారు మెచ్చుకొన్నప్పుడు ఆ మెప్పులో సగము అల్లిన చేతులకే చెందును. ఇది ఎల్లరకును తెలిసిన సంగతియే. కాని చేతులు పైకెత్తలేని స్త్రీ, వెన్ను నిలువని స్త్రీ, ఏండ్ల తరబడి మంచము దిగని స్త్రీ తన జుట్టు నెట్లు కాపాడుకొనెను? ఉంచుకొమ్మని చెప్పినవా రెవరు? కత్తిరింపుమని చెప్పినవా రెవరు? యుద్ధములను, రాజ్యములను లెక్కించు చరిత్ర గ్రంథములలో ఈ ప్రశ్నకు చోటు లేదు. అయినను లేఖలలో, చిత్రపటములలో, ఛాయాచిత్రములలో దీనికి సమాధానములు దొరకుచునే యున్నవి. అట్టివి కొన్నింటిని పాఠకుల ముందుంచవలెనని మా యుద్దేశము.

ముందుగా ఇందలి కష్ట మెట్టిదో గ్రహింపవలెను. జడ యల్లుకొనుటకు రెండు చేతులను తల వెనుకకు ఎత్తి, కొన్ని నిమిషములు అట్లే నిలిపి యుంచవలెను. ఆ బరువంతయు భుజములపైనను వెన్నుపైనను పడును. కీళ్లు బిగిసినవారికిని, వెన్నెముక దెబ్బతిన్నవారికిని ఇది కొండ నెత్తుట వంటిది. ఇక వెల్లకిల పరుండి యుండువారి జుట్టు మెడ వెనుక దిండునకు రాచుకొని అట్టకట్టును. దానిని పైనుండి లాగినచో ప్రాణము పోవునంత నొప్పి కలుగును. కుదుళ్లను ఒక చేత పట్టుకొని, కొసలనుండి పైకి, కొంచెము కొంచెముగా వెడల్పు పండ్ల దువ్వెనతో విడదీయవలెను. తల క్రింద ముడి పడకుండ ఇరువైపుల రెండు జడలు వేయవలెను. తలంటు పోయవలెనన్న రోగి తలను మంచము అంచునకు జరిపి, క్రింద గంగాళ ముంచి, ఒకరు పట్టుకొనగా ఒకరు నీళ్లు పోయవలెను. ఈ పనికి ఓపిక కావలెను. అంతకంటె ముఖ్యముగా, రోగికి జుట్టుపైగల మమకారము వట్టి వేడుక కాదని ఒప్పుకొను మనసు కావలెను.

ఆ మనసు వైద్యశాలలకు, అనాథ శరణాలయములకు చాల కాలము లేకపోయెను. పంతొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో తీవ్రమైన జ్వరము వచ్చినవారికి తల గొరుగుటయో, జుట్టు కుదించుటయో వాడుకగా నుండెను. తలకు చల్లదనము కావలెనన్నది ఒక కారణము. పొడుగు జుట్టు రోగి బలమును పీల్చివేయునన్న నమ్మకము మరొకటి. మన పెద్దలలోను విషజ్వరము తగిలినపుడు జుట్టు కత్తిరించు అలవాటు ఉండెడిది. రోగికి నర్సుగా వచ్చినవారికే ఈ కత్తెర తగిలిన వృత్తాంత మొకటి ప్రసిద్ధము. క్రిమియా యుద్ధములో క్షతగాత్రులకు సేవచేసిన ఫ్లారెన్సు నైటింగేల్ 1855 మే నెలలో బాలక్లావాలో జ్వరపడెను. ఆమె జుట్టును పొట్టిగా కత్తిరించిరి. స్వదేశమునకు మరలిన పిదప తీసిన ఛాయాచిత్రములో ఆ కురుచ జుట్టు కనబడుచునే యున్నది. ఆమె ఆ రోగమునుండి పూర్తిగా తేరుకొనలేదు. 1857 మొదలు చాల ఏండ్లు ఎక్కువగా గదిలోనే, సోఫాపైననో మంచముపైననో ఉండియే లేఖలు, నివేదికలు వ్రాయుచు వచ్చెను. రోగి శరీరశుభ్రత కొక అధ్యాయము కేటాయించిన ఆమె గ్రంథము 1859లో వెలువడినది ఆ గదినుండియే.

జుట్టు తీయుటయే తప్పని మా అభిప్రాయము కాదు. తిరుమలలో ప్రతిదినము వేలకొలది భక్తులు తలనీలాలు సమర్పించుచున్నారు. వారి ముఖములలో దుఃఖము కానరాదు. అది ఇచ్చినది. పడుకొని యున్నవాని తలనుండి, పనిచేయువారి వీలుకొరకు తీసికొన్నది వేరు. ఈ రెంటికిని కత్తెర యొక్కటే.

ఇట్లు తీసికొనువారికి చిక్కక, రోగములోను జుట్టు నిలుపుకొనిన వారిలో ఆంగ్ల కవయిత్రి ఎలిజబెత్ బారెట్ ఒకతె. పదునైదేండ్ల ప్రాయముననే ఆమెకు అనారోగ్యము ప్రారంభమయ్యెను. 1841లో లండనునకు వచ్చినది మొదలు వింపోల్ వీథిలోని తండ్రి ఇంట, మేడగదిలో, నల్లమందు కలిపిన ఔషధముతో దినములు గడపుచుండెను. ఆమె చిత్రములు చూచినవారు ముఖముకంటె ముందుగా చెంపలకు ఇరువైపుల దట్టముగా జాలువారు నల్లని ఉంగరాల కురులను చూతురు. 1845లో కవి రాబర్టు బ్రౌనింగు ఆమెను కోరినది ఆ కురులలోని ఒక పాయనే. ఆమె చాల జంకి, తుద కిచ్చెను. సోఫాపైనుండి లేవలేని మనిషికి ఆ ఉంగరాలు తమంతట తాము ఏర్పడినవా? 1844 మొదలు ఆమెకు పరిచారిక ఎలిజబెత్ విల్సన్. దుస్తులు తొడుగుట, జుట్టు సవరించుట ఆమె పనులు. 1846 సెప్టెంబరు 12వ తేదీన తండ్రికి తెలియకుండ బారెట్ వివాహము చేసికొనుటకు దేవాలయమునకు పోయినపుడు వెంట నున్నది విల్సనే. పెండ్లికి సాక్షులలో ఒకతెయు ఆమెయే. తరువాత ఇటలీకిని కూడ వెళ్లెను. కవయిత్రి జీవితచరిత్రలు ఎన్నియో కలవు. విల్సనును గూర్చి మాత్రము వర్జీనియా ఉల్ఫ్ 1933లో ప్రకటించిన ‘ఫ్లష్’ అను పుస్తకములో, అదియు వెనుకనున్న వివరణలలో, ఒక దీర్ఘమైన టిప్పణము చేర్చెను. ఫ్లష్ కవయిత్రి పెంపుడు కుక్క పేరు. కుక్కకు పుస్తకము, దాసికి టిప్పణము! అదైనను దక్కినందుకు మేము సంతోషింతుము.

దువ్వెన పట్టిన చేయి ఎల్లప్పుడును మెత్తని చేయి కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రమున 1880లో పుట్టిన హెలెన్ కెల్లర్ పందొమ్మిది నెలల ప్రాయమున చూపును, వినికిడిని కోల్పోయెను. 1887 మార్చి 3వ తేదీన ఉపాధ్యాయురాలు ఆన్ సల్లివన్ ఆ ఇంట అడుగుపెట్టెను. ఆ నెలలోనే తన స్నేహితురాలికి వ్రాసిన లేఖలో, తల దువ్వుట, చేతులు కడుగుట వంటి చిన్న పనులకు సైతము తాను బలము నుపయోగింపవలసి వచ్చుచున్నదని ఆమె చెప్పుకొనెను. ఆరేండ్ల పిల్ల వైపునుండి ఆలోచింపుడు. చీకటిలో, నిశ్శబ్దములో, ముందు మాట లేకుండ, ఎక్కడినుండియో ఒక వస్తువు వచ్చి తలపై పడి జుట్టు పీకును. అది దువ్వెన యని, ఇపుడు దువ్వుదురని చెప్పు భాష ఆమెకు లేదు. కొన్ని వారములు గడచి, నీటిధార చేతిపై పడిన వేళ మాట యనునది తెలిసిన పిదపనే ఇట్టి పనులకు అర్థ మేర్పడెను. హెలెన్ 1903లో ప్రకటించిన ఆత్మకథలో అంతకు పూర్వపు ముచ్చట యొకటి కలదు. వంటమనిషి కూతురైన మార్తాతో కత్తెర పట్టుకొని ఆడుచు, హెలెన్ ముందుగా మార్తా పిలకలపై కత్తెర వేసెను. మార్తా మొదట వద్దని, తరువాత లోబడెను. పిమ్మట బదులుగా హెలెన్ ఉంగరపు కురుల నొకటి కత్తిరించెను. తక్కిన కురులు నేల రాలకుండ తల్లి పరుగున వచ్చి ఆపెను. నల్లపిల్ల పిలక పోవునప్పుడు పరుగెత్తి వచ్చినవారు లేరు.

ఇక ఈ విషయమున అన్నిటికంటె ఎక్కువ సాక్ష్యము విడిచి పోయినది మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో. రాజధానిని ఆనుకొని యున్న కొయొవకాన్ లో 1907 జూలై 6వ తేదీన ఆమె జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున పోలియో వచ్చి కుడికాలు సన్నబడెను. తోటిపిల్లలు కొయ్యకాలని గేలిచేసిరి. 1925 సెప్టెంబరు 17వ తేదీన ఆమె ఎక్కిన బస్సును ట్రాం బండి ఢీకొనెను. వెన్నెముక, మెడయెముక, ప్రక్కటెముకలు, కటి యెముకలు విరిగెను. కుడికాలు పదునొకండు చోట్ల విరిగెను. ఇనుపకమ్మి యొకటి కటిభాగమును చీల్చుకొని పోయెను. అప్పటి కామె వయస్సు 18. ప్లాస్టరు కట్టులో వెల్లకిల పడియున్న బిడ్డకు తల్లి మంచముపైననే బొమ్మలు వ్రాయుటకు వీలగు చట్రము చేయించెను. మంచపు పందిరికి అద్దము కట్టించిరి. ఆ అద్దములో ఫ్రీడాకు తన ముఖము కనబడెను, ముఖము చుట్టు జుట్టు కనబడెను. ఆమె జీవితకాలమున వ్రాసిన చిత్రములలో ఇంచుమించు మూడవవంతు స్వీయచిత్రములే.

తరువాత ఆమె దక్షిణ మెక్సికోలోని తెహువాంతెపెక్ ప్రాంతపు స్త్రీల వేషము తాల్చెను. నేలనంటు పరికిణీ సన్నని కాలిని కప్పెను. వదులైన చిన్న రవిక నడుము కట్టులను కప్పెను. జుట్టును నడిపాపిట తీసి, రెండు జడలుగా అల్లి, జడలలో రంగుల రిబ్బనులు, ఊలుత్రాళ్లు కలిపి తలచుట్టు కిరీటమువలె త్రిప్పి, పూలు తురుమును. మన సవరమును, జడగంటలను ఎరిగినవారికి ఈ విద్య క్రొత్తగా తోచదు. చూచువారి కన్ను నడకపై నిలువక శిరస్సుపై నిలుచును. దీనిని వట్టి దాపరికమని కొంద రందురు. మాకట్లు తోచదు. దాచదలచిన మనిషి తన ఇనుప కవచమును, మేకులను పటముపై వ్రాయదు. 1944 నాటి ‘విరిగిన స్తంభము’ అను చిత్రములో ఆమె తన దేహమును రెండుగా చీల్చి, వెన్నెముక చోట పగిలిన రాతిస్తంభమును చూపెను. ఆ పటములో మాత్రము జడ లేదు. జుట్టు విరబోసికొని భుజముపై పడియున్నది.

కత్తెరను కూడ ఆమె ఎరుగును. భర్త డీగో రివేరా నడవడివలన మనసు విరిగి 1930వ దశకపు మధ్యకాలమున ఒకసారి జుట్టు కత్తిరించుకొనెను. 1939లో విడాకులైన పిదప మరల కత్తిరించుకొని, 1940లో ఆ సంగతినే చిత్రించెను. ఆ పటము న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాలలో నున్నది. పురుషుల వదులైన నల్లకోటు తొడిగి, పసుపుపచ్చ కుర్చీలో కూర్చుండి, చేత కత్తెర పట్టుకొని యున్నది. నేలపై, కుర్చీపై, ఒడిలో తెగిన వెండ్రుకలు ప్రాణముగల తీగెలవలె ప్రాకుచున్నవి. వైద్యుడు కాదు, ఆసుపత్రి కాదు, కత్తిరించినది తానే. ఆ యేడు డిసెంబరులో భర్తను మరల వివాహమాడెను. 1941 నాటి స్వీయచిత్రములో తలపైన పెద్ద జడచుట్ట యొకటి ఎఱ్ఱని ఊలుతో అల్లి నిలిపినట్లున్నది; కొసలు లేచి యున్నవి. రాలిన వెండ్రుకలను ఏరి మరల అల్లినట్లు మాకు తోచును.

ఆ పిమ్మట వ్యాధి ఆమెను విడువలేదు. 1946లో న్యూయార్కున వెన్నుపూసలను కలిపి కట్టు శస్త్రచికిత్స జరిగెను, నొప్పి తగ్గలేదు. 1950లో ఇంచుమించు సంవత్సరమంతయు మెక్సికో నగరములోని ఆసుపత్రిలోనే గడచెను. ఆ కాలమున హువాన్ గుస్మాన్ తీసిన ఛాయాచిత్రములు ప్రసిద్ధములు: మంచములో పరుండి, చేతియద్దములో చూచుకొనుచు తన ప్లాస్టరు కవచముపై బొమ్మలు వ్రాసికొనుచుండును. తలపై జడలు సరిగానే యున్నవి, రిబ్బనులు సరిగానే యున్నవి. దేహమంతయు కట్టులో నున్న మనిషి ఆ జడలను ఒంటరిగా అల్లుకొనజాలదు. దినదినము ఒకరు దువ్వెన చేతబట్టి ఆ మంచము చెంత నిలిచిరి. ఆసుపత్రిలో ఆమెకు తోడుగా చెల్లెలు క్రిస్టీనా ఉండెను. 1953 ఏప్రిలులో స్వదేశమున తొలిసారి ఆమె చిత్రములను మాత్రమే ప్రదర్శించినపుడు వైద్యులు కదలరాదనిరి. మంచమును ముందుగా ప్రదర్శనశాలకు పంపి, తాను అంబులెన్సులో వెళ్లి, అలంకరించుకొని ఆ మంచముపై పరుండియే అతిథులను పలుకరించెను. ఆగస్టులో కుడికాలిని మోకాలి క్రిందికి తొలగించిరి.

ఆమె నివసించిన నీలపుటిల్లు 1958 మొదలు ప్రదర్శనశాలగా నున్నది. భర్త కోరికపై మూసియుంచిన స్నానపు గదిని 2004లో తెరచిరి. నడుము కవచములు, చేతికఱ్ఱలు, ఎఱ్ఱని బూటు తొడిగిన కృత్రిమపాదము, పరికిణీలు, ముఖాలంకరణ సామగ్రి బయటపడెను. 2018లో వానిలో పెక్కింటిని లండనులో ప్రదర్శించిరి. మందుసీసాలు, అలంకరణ సీసాలు ఒకే గదిలో దొరకుట కొందరికి ఆశ్చర్యము గొలిపెను. రోగి ఉన్న ఇంటిని ఎరిగినవారికి ఆశ్చర్యము లేదు.

1954 జూలై 13వ తేదీన, 47వ యేట, ఫ్రీడా ఆ ఇంటనే కన్ను మూసెను. స్నేహితురాండ్రు ఆమెకు నల్లని పరికిణీ, తెల్లని రవిక తొడిగించిరి. నొప్పి కలుగునని ఆగవలసిన పని ఇక లేదు. అయినను పాపిట తీసి, రిబ్బనులు కలిపి రెండు జడలు అల్లి, పూలు ముడిచిరి.