సూత్ తేడా

అంగుళంలో ఎనిమిదో వంతును మన దగ్గరి వడ్లవాళ్ళు సూత్ అంటరు. ఉర్దూలో సూత్ అంటే నూలు. కట్టెపనికీ నేతపనికీ ఉన్న చుట్టరికం ఆ మాటతోనే ఆగలేదు.

ఎత్తు మార్చుకునే రాతబల్లనే తీసుకుందాం. కాళ్ళకు వరసగా చిల్లులుంటయి. చీల తీసి ఏ చిల్లులో దిగేస్తే బల్ల ఆ ఎత్తుకు వస్తది. రెండు పక్కలా ఒక సూత్ తేడా పడినా పలక ఒరుగుతది. కంప్యూటర్ లెక్కతో కట్టెను తొలిచే సీఎన్‌సీ రౌటర్ ఆ తేడా రానియ్యదు.

దాని వంశవృక్షం వెతికితే నాకు మగ్గమే కనిపిస్తది. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జకార్డ్ చిల్లులు పెట్టిన అట్టలను మగ్గానికి తగిలించాడు. చిల్లు ఉన్నచోట పడుగుపోగు లేస్తది, లేనిచోట లేవదు. తర్వాత అమెరికాలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కల కొలతలను చిల్లుల కార్డులతో లెక్కగట్టాడు. ఆ దారిలోనే 1952లో ఎంఐటీ చిల్లుల టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని చూపింది. టేపు స్థానంలో కంప్యూటర్ వస్తే అదే సీఎన్‌సీ.

జకార్డ్ అట్టలతో మగ్గం దగ్గర తాళ్ళు లాగే పిల్లల పని పోయింది. చిల్లు ఎక్కడ పెట్టాలో తేల్చే పని మాత్రం పోలేదు, చేతులు మారింది. మరమగ్గాల సిరిసిల్ల జిల్లాకు ఇది కొత్త కథ కాదు. రేపు అదే జిల్లాలోని చందుర్తికి రౌటర్ వస్తే, గీత ఎవరు గీస్తరు? కట్టె ఆరిందా, నార ఎటు పోతున్నది, వానకాలం ఉబ్బితే చీల దిగుతదా అన్నది వడ్లాయనకు తెలుసు. గీత కూడా ఆయన చేతిలోనే ఉండాలంటాను.