తోకచుక్క తోకను నెట్టేదెవరు?

తోకచుక్క సాయంత్రం కనబడితే తోక తూర్పుకు, తెల్లవారుజామున కనబడితే పడమరకు ఉంటుందని ఏడో శతాబ్దంలో కూర్చిన చైనా జిన్ వంశ చరిత్ర చెబుతుంది. ఎప్పుడు చూసినా తోక సూర్యుడికి పెడగానే ఉంటుందన్నమాట. ఐరోపాలో ఈ సంగతిని బొమ్మలతో చూపినవాడు జర్మన్ పండితుడు పీటర్ ఆపియన్. ఆయన 1531లో గమనించిన తోకచుక్కకే తర్వాత హేలీ పేరు వచ్చింది.

మరి దాన్ని నెట్టేదేమిటి? సూర్యకిరణాలేనని 1619లో కెప్లర్ అన్నాడు. వెలుతురుకు ఒత్తిడి ఉంటుందని మాక్స్‌వెల్ 1873లో సిద్ధాంతరీత్యా తేల్చాడు. 1901 నాటికి మాస్కోలో లెబెదెవ్ దాన్ని ప్రయోగంలో కొలిచాడు. దాంతో చిక్కు వీడినట్టే అనిపించింది.

1910లో హేలీ తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉందనీ, భూమి ఆ తోకలోంచి వెళ్తుందనీ తెలిసి ఐరోపా, అమెరికా నగరాలు హడలిపోయాయి. ఆ ఏడాదే మన గురజాడ ‘ముత్యాల సరాలు’లో ఆ తోకచుక్కను అరిష్టంగా కాక చుట్టంగా పలకరించాడు. ఆ ధీమా నాకెంతో ఇష్టం. భూమికి ఏమీ కాలేదు; తోకలోని వాయువు అంత పలచన.

అయితే తోకను నెట్టేదెవరన్న చిక్కు పూర్తిగా వీడలేదు. నిజానికి తోకలు రెండు. సూర్యుడి వేడికి తోకచుక్కలోని మంచు ఆవిరవుతూ ధూళిని వెంట తెస్తుంది. ఆ ధూళిని వెలుతురు నెమ్మదిగా నెడుతుంది, రేణువులు కక్ష్యలో వెనకబడి పసుపు వన్నె తోకగా వంగుతాయి. విద్యుదావేశం పొందిన వాయువుది మాత్రం తిన్నని నీలి తోక. అందులోని ముడులు పరుగెత్తే వేగానికి వెలుతురు ఒత్తిడి ఏమాత్రం చాలదు. పైగా ఆ తోక సూర్యుడికి సూటిగా ఎదురుదిశలో కాక కొన్ని డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటుందని 1943లో హాఫ్‌మైస్టర్ గుర్తించాడు. నడుస్తున్న పడవ మీది జెండా గాలివాలుకు కాస్త వెనక్కి తిరిగినట్టే అది. సూర్యుడి నుంచి ఆవేశ కణాలు అన్ని దిక్కులకూ ఎడతెగక ప్రవహిస్తున్నాయని 1951లో లుడ్విగ్ బీర్మన్ వాదించాడు. ఏ వ్యోమనౌకా ఎగరని కాలంలో, కేవలం తోక నడక చూసి చేసిన ఈ ఊహను నేను ఆ శతాబ్దపు ఖగోళశాస్త్రంలో మేటి వాటిలో లెక్కిస్తాను. ప్రవాహంతో వచ్చే అయస్కాంత క్షేత్రం తోకచుక్క చుట్టూ ముసుగులా కప్పుకుంటుందని 1957లో ఆల్ఫ్వేన్ వివరించాడు. ఆ మరుసటి ఏడు పార్కర్ ప్రవాహానికి సిద్ధాంతం కట్టాడు. దాన్నే ఇప్పుడు సౌరపవనం అంటున్నాం. శుక్రుడి వైపు వెళ్తూ మారినర్-2 వ్యోమనౌక ఆ గాలిని 1962లో నెలల తరబడి కొలిచింది. దాని వేగం సెకనుకు వందల కిలోమీటర్లు.

1996 మే 1న యులిసిస్ వ్యోమనౌక హ్యకుటకే అనే తోకచుక్క తోకలోంచి దూసుకుపోయింది. తోకచుక్క అప్పటికి నౌకకు దాదాపు 50 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉంది. నౌక కొలతల్లో సౌరపవనంలోని ప్రోటాన్లు ఒక్కసారిగా తగ్గాయి; ఎందుకో అప్పట్లో ఎవరికీ అంతుబట్టలేదు. అది తోకేనని 2000లో గాని తేలలేదు.